నాట్లలో ఫ్యూజు దొంగ

మా నాట్ల ముఠాకు పెద్దను నేనే. మాడుగులపల్లి చుట్టుపక్కల ఎవరి మడి దమ్ము చేసినా ముందు నాకే ఫోన్ వస్తుంది. పొలంలో ముచ్చట్లు పెడితే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి నేను ఈ వానకాలం ఒక నవల పుణ్యమా అని తిట్లు తిన్నాను.

దానికంతటికీ కారణం కల్పన, మా ముఠాలోని కొమురమ్మ కోడలు. మిర్యాలగూడ పోయినప్పుడల్లా పాత నవలలు తెచ్చుకుంటుంది. సాయంత్రం చదివిన కథ మరునాడు నాటు వేస్తూ మాకు చెబుతుంది. ఈసారి తెచ్చింది కోదాడ దగ్గర ఒక బత్తాయి తోట కథ. హత్యలు, నెత్తురు ఏమీ లేవు. తల్లితో ఒకే ఇంట్లో ఉంటున్నా అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. తోటలో బోరు మోటారు ఫ్యూజులు మాటిమాటికీ మాయమవుతుంటాయి. నీళ్లాగగానే ఇద్దరూ బోరు దగ్గరికి ఉరికొచ్చి, నువ్వంటే నువ్వని కొట్లాడుకుంటారు. కల్పన చెబుతుంటే మాకు నడుం నొప్పి కూడా గుర్తుండేది కాదు.

నాటు వేసేవాళ్లు వెనక్కి నడుస్తూ వేయాలి. నవలలోని పెద్ద కోడలు చాటుగా మోటారు దగ్గరికి పోయిందని కల్పన చెప్పిన రోజు, అందరం వెనక్కి జరగడం మరిచి ఉన్నచోటనే గుచ్చుతూ పోయాం. మడి ఆసామి రామనర్సయ్య గట్టు మీద నుంచి కేకేశాడు.

"ఏందే సరితా, నాటేస్తున్నరా, నారుమడి పోస్తున్నరా?"

"జర ఆగు నర్సన్నా, దొంగ దొరికేటట్టున్నది!" అన్నాను. నా నోట ఆ మాట విని ముఠా అంతా పడీపడీ నవ్వింది.

అసలు వింత మార్పు కొమురమ్మలో వచ్చింది. కోడలికి పని చెప్పడమే తప్ప ఆమె ఏనాడూ ప్రేమగా పలకరించి ఎరగదు. పుస్తకం పట్టుకుంటే మూతి తిప్పేది. ఈ కథ మొదలయ్యాక "బోళ్లు నేను తోముత, నువ్వు సదువు పో" అంటోందట. ఆ ముచ్చట చెప్పేటప్పుడు కల్పన మొహం వెలిగిపోయేది.

అలాంటిది ఒకరోజు పొద్దున ఆటోలో నా పక్కన చేరి గుసగుసలాడింది. "సరితక్కా, నా కొంప మునిగింది. పుస్తకం అయిపోయింది. దొంగ ఎవలో ఎర్కనా? ఆ ఇంటి అత్త!"

"అయితే ఏంది?"

"మా అత్త తననే అంటున్న అనుకుంటది. ఇప్పుడిప్పుడే నాతోని మంచిగ మాట్లాడుతున్నది. మళ్ల మొదటికొస్తది."

"తోటల పనిచేసే జీతగాడని చెప్పు, పీడ పోతది" అన్నాను.

మడిలో దిగాక అలాగే చెప్పింది. ఫ్యూజులు తీసింది జీతగాడు, పట్టుకున్నారు, కథ అయిపోయింది. అందరూ చప్పబడిపోయారు. కొమురమ్మ మాత్రం నారుకట్ట చేతిలోనే పట్టుకుని నడుం ఎత్తింది.

"అబద్ధం. తీసింది అత్తనే."

కల్పన నాటు ఆపింది. "నీకెట్ల తెల్సు అత్తా?"

"మోటరు ఆగినప్పుడల్లా కొడుకులిద్దరు ఒక్కకాడికి ఉరికొచ్చిన్రా లేదా? కొట్లాటకైనా నోరు తెరిసిన్రా లేదా? వాళ్లు మాట్లాడుకునుడు తల్లికి గాక ఇంకెవలికి గావాలె? నేనైనా గదే చేద్దును."

సలహా ఇచ్చిన నేనైతే తల వంచుకుని గబగబా గుచ్చుతున్నాను.

"నాకు కోపమొస్తదనే కదా మార్చినవ్?" అంది కొమురమ్మ కోడలితో. "నా మీద ఏమన్న ఉంటె నా మొఖం మీద చెప్పు. కథ ఖరాబు చెయ్యకు."

కల్పన కళ్లలో నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంది. "అయితే చెప్తున్న అత్తా. నువ్వు కూరల ఉప్పు శానా ఎక్కువేస్తవ్."

కొమురమ్మ కోడలిని ఎగాదిగా చూసి పకపకా నవ్వింది.

"గంతేనా? ఇన్నేండ్లు గీ ముచ్చట కడుపుల పెట్టుకున్నవా పిల్లా? రేపటిసంది కూర నువ్వే వండు. ఇప్పుడు ఆ అత్త ఎట్ల దొరికిందో సక్కగ చెప్పు."