యాభై ఆరు కె మోడెమ్, వీధంతటికీ ఒక నంబరు

పుంగనూరు దొరస్వామి తన ఎస్టీడీ బూతును ఇంటర్నెట్ సెంటరుగా మార్చాడు గానీ ఫోను లైను మాత్రం పాతదే. బెంగుళూరులో కొన్న మోడెమ్ అట్టపెట్టె మీద యాభై ఆరు కె వేగం అని ఉంది. ఆ వేగాన్ని అతను ఏనాడూ కళ్లజూడలేదు. మాట పోవడానికి వేసిన రాగి తీగ అది. ఎండాకాలంలో ఇరవై ఎనిమిది వచ్చేది. వాన పడి అతుకుల్లో నీళ్లు దిగితే అందులో సగం. పెట్టె మీద ఉండేది అమ్మినోడి మాట, తెర మీద కనబడేది తీగ మాట అని అడిగినవాళ్లకు చెప్పేవాడు.

ఆ తీగకు ఇంకో పని కూడా ఉంది. వీధిలో ఫోను లేనివాళ్లంతా చుట్టాలకు అతని నంబరే పీపీ నంబరని ఇచ్చుకున్నారు. ఫోనొస్తే అతని భార్య యశోదమ్మ గోడ మీంచి కేకేసి పిలిచేది. అందుకోసం వంటింట్లో కూడా అదే లైను మీద ఒక రిసీవరు పెట్టించాడు. దాన్ని ఎత్తితే చాలు, ముందు గదిలో ఇంటర్నెట్ తెగిపోతుంది.

టెన్త్ ఫలితాలు వచ్చిన రోజు గది నిండిపోయింది. మదనపల్లె దాకా పోనక్కర్లేదు, నా దగ్గరే చూపిస్తానని అతను ఊరంతా చెప్పుకుని ఉన్నాడు. ఇవాళ చూపించకపోతే సెంటరు పేరు మట్టిలో కలిసినట్టే. ఫలితాల పేజీ పైనున్న మంత్రిగారి బొమ్మ కనుబొమల దాకా దిగేసరికి లైను తెగింది. మళ్లీ కలిపాడు. మళ్లీ తెగింది. కొడుకు గణేష్‌ను వెంటబెట్టుకుని వాడి నంబరు చూపించుకోవడానికి వచ్చిన టమాటా రైతు శ్రీనివాసులు, నడిచిపోయినా ఈపాటికి మదనపల్లెలో ఉందుమని అన్నాడు.

అనుమానమొచ్చి దొరస్వామి వంటింట్లోకి పోయాడు. పక్కింటి పార్వతమ్మ రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడి ఉంది. ఆమె కూతుర్ని కుప్పం ఆసుపత్రిలో కాన్పుకు చేర్చారు. కాన్పు కాగానే ఈ నంబరుకే చేస్తానని అల్లుడు చెప్పాడు. పొద్దుట్నుంచీ మోగకపోయేసరికి, ఫోను బతికుందో లేదోనని మాటిమాటికీ ఎత్తి చూస్తోంది.

"కుప్పం నుంచేనప్పా. బిడ్డ ఏడస్తాండాది, ఇను."

అతను విన్నాడు. మోడెమ్ తనంతట తనే మళ్లీ నంబరు తిప్పుకుని కీచుమంటోంది.

"అది బిడ్డ కాదమ్మా. నా మిషను."

"అట్లయితే నా బిడ్డ ఫోను?"

"ఇది పనిచేసినంత సేపూ రాదు."

ఆమె రిసీవరు పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆపమని అడగలేదు. తిట్టినా బాగుండునని దొరస్వామికి అనిపించింది. ముందు గదిలోకి వచ్చి మోడెమ్ తీగ పీకేశాడు. కుప్పం నుంచి ఫోనొచ్చేదాకా ఇంటర్నెట్ లేదన్నాడు.

"ఊరందర్నీ పిలిచి తీగ పీకినావు. ఇంకోసారి పిలవద్దప్పా," అని శ్రీనివాసులు కొడుకును తీసుకుని బస్టాండుకు నడిచాడు. మిగతావాళ్లూ అతని వెనకే పోయారు.

కాసేపటికే ఫోను మోగింది. అంతసేపు ఎవరితో మాట్లాడతాండారని అల్లుడు ముందు గట్టిగా అడిగాడు. ఆ తర్వాత ఆడబిడ్డ పుట్టిందనీ తల్లీబిడ్డా బాగున్నారనీ చెప్పాడు. పార్వతమ్మ పాతచీరలు మూటగట్టుకుని కుప్పం బస్సుకు పోయింది.

ఖాళీ గదిలో దొరస్వామి తీగ మళ్లీ తగిలించాడు. రిసీవరు ఎత్తేవాళ్లు లేకపోయేసరికి పేజీ నిదానంగానైనా అడుగుదాకా దిగింది. గణేష్ హాల్ టికెట్ చీటీ బల్ల మీదే ఉంది. ఆ నంబరు కొట్టి చూశాడు. లెక్కల్లో ఫెయిలు.

ఆ కబురు చెప్పిన చెడ్డపేరు మదనపల్లె సెంటరు వాళ్లకే పోనీ అనుకుని మోడెమ్ ఆపేశాడు.