నూర్జాన్ లాగని భుజం

గూడూరులో ఎవరి చెయ్యి బెణికినా, కాలు మడతపడినా నిమ్మకాయల మార్కెట్ వెనక సందులోని నూర్జాన్ ఇంటికే వచ్చేవాళ్ళు. కట్టు కట్టడం ఆమెకు తండ్రి నేర్పిన పని. ముప్పై ఏళ్ళు చేసినా ఎముకల పేర్లు ఆమెకు తెలియవు. వేళ్ళకు తెలుసు, అంతే. ఆ వేళ్ళను ఊరంతా నమ్మింది. ఆమెకే నమ్మకం పోయింది.

మూడేళ్ళ కింద చిట్టమూరు నుంచి ఆదిశేషమ్మ వచ్చింది. వరి గట్టు మీద జారి కుడి మోచేతి మీద పడిందట. నూర్జాన్ లాగి, సరిచేసి, కట్టు కట్టింది. కట్టు విప్పాక ఆ మోచెయ్యి సగమే వంగింది. "అన్నం ముద్ద నోటిదాకా రావడంలా నూర్జానమ్మా" అన్నదే తప్ప ఆదిశేషమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అప్పటి నుంచి నూర్జాన్‌కు ఒకచోట కాలు నిలవదు. దారిలో ఎవరైనా చెయ్యెత్తి బస్సు ఆపితే, ఆ చెయ్యి ఎంతదాకా లేచిందో చూస్తూ నిలబడిపోయేది.

కూతురు సాహిరా నెల్లూరులో ఫిజియోథెరపీ చదివి, అక్కడే ఒక క్లినిక్‌లో చేస్తోంది. ఆదివారం వస్తే చాలు, నూర్జాన్ ప్రశ్నలతో వదిలిపెట్టేది కాదు. సాహిరా తల్లి చేతినే పట్టుకుని చూపించేది.

"మోచెయ్యి తలుపు బందు లాంటిదమ్మా. వంగుద్ది, చాచుకుంటుంది, అంతే. మడతబందు కీలు అంటారు. భుజం బంతి గిన్నె కీలు. ముందుకీ వెనక్కీ పోద్ది, పక్కకి లేస్తది, గుండ్రంగా తిరుగుద్ది. గిన్నె లోతు తక్కువ, అందుకే ఊరికే జారుద్ది."

"జారితే లాగి ఎక్కించేది గదా?"

"ఎముక విరగకపోతే. విరిగిందీ లేనిదీ ఎక్స్‌రే తీస్తేనే తెలిసేది."

పోయిన వేసవిలో ఒక పొద్దున హమాలీ పెంచలకృష్ణ నిమ్మకాయల బస్తాల మీద నుంచి పడ్డాడు. మేస్త్రీ గంగాధరం అతన్ని నడిపించుకొచ్చాడు. ఎడమ చెయ్యి వేలాడుతోంది, భుజం గుండ్రం పోయి పలకలా అయింది.

"లాగెయ్ అక్కా, మధ్యాన్నం లోడెత్తాల" అన్నాడు పెంచలకృష్ణ పళ్ళు బిగబట్టి.

నూర్జాన్ చంక కింద వేళ్ళు పెట్టింది. బంతి అక్కడ తగిలింది. ఇంకొంచెం కిందికి జరిపితే లోపల ఇసక నలిగినట్టయింది. భుజం పైన గిల్లింది.

"తెలుస్తోందా?"

"ఏమీ తెలీడంలా."

ఆమె చేతులు తీసేసింది. "నేను లాగను. ఆస్పత్రికి తీసుకుపొండి."

గంగాధరానికి కోపం వచ్చింది. "మా నాయన తుంటి ఎక్కించినదానివి, ఈ భుజానికి భయపడితే ఎట్టా?"

"భయమే" అంది నూర్జాన్. చీర కొంగు చింపి ఆ చేతిని కదలకుండా అతని ఛాతీకి కట్టి, ఆటో ఎక్కించింది.

ఇక ఆ పగలు గడవలేదు. మార్కెట్‌దాకా పోవడం, తిరిగి రావడం. పొయ్యి మీద అన్నం మాడింది. వట్టిగా జారి ఉంటే ఊళ్ళో నవ్వులపాలు. విరిగి ఉంటే? ఆ మాట దగ్గర ఆగి మళ్ళీ లేచేది.

పొద్దు వాలాక గంగాధరం గడప దగ్గరికి వచ్చి చెప్పులు విడిచాడు. "జారిన బంతి కింద ఎముక రెండు ముక్కలంట అక్కా. ఆపరేషన్ చేస్తుండారు. లాగి ఉంటే చెయ్యే పొయ్యేదని డాక్టరు చెప్పినాడు."

నూర్జాన్‌కు సంతోషం రాలేదు. ఇన్నేళ్ళలో తెలియక ఇట్లా విరిగినవి ఎన్ని లాగిందో! మర్నాడే చిట్టమూరు బస్సెక్కి, ఆదిశేషమ్మతో తప్పు నాదేనని చెప్పుకుంది. ఆదిశేషమ్మ గ్లాసు మజ్జిగ ఇచ్చింది, ఎడం చేత్తో.

నూర్జాన్ ఇప్పుడు ఏ ఎముకా లాగడం లేదు. సాహిరా చెప్పినట్టు, ఆస్పత్రి కట్లు విప్పాక బిగుసుకుపోయిన కీళ్ళను మెల్లగా కదిలిస్తుంది. వచ్చేవాళ్ళు సగమయ్యారు. పెంచలకృష్ణ మాత్రం రోజూ వస్తాడు. మూడు నెలలకు అతని చెయ్యి పక్కకు భుజం ఎత్తుదాకా లేచింది.

"ఇంక బస్తా మొయ్యొచ్చా అక్కా?"

"ముందు ఆ చేత్తో తల దువ్వుకో, చూద్దాం" అంటూ ఆమె అతని చుట్టూ తిరిగి, వెనక నుంచి వీపు మీది రెక్క ఎముక ఎట్లా కదులుతోందో చూసింది.