అడ్డం మూడులో నవాబు

ఖాజా చాచాను ప్రెస్సులోంచి వెళ్ళగొట్టింది ఒక వేళాకోళం. పోలీస్ యాక్షన్ అయిన నెలకే, పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న పనిమంతుణ్ణి ఒక్క మాట అడగకుండా తీసేశారు. అది అన్యాయం. ఆ రోజు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

నిన్న రెజిమెంటల్ బజార్‌లో మిర్చి బజ్జీలు కొంటే పొట్లం కాగితం మీద గళ్ళ పజిల్ ఉంది. వేడికి కాగితంలోంచి సిరా వాసన లేచింది. ఖాజా చాచా వేళ్ళ వాసన అది. ఆయన మా వారపత్రికలో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చేవాడు. పత్రికలో వచ్చే గళ్ళ పజిల్ కట్టేదీ ఆయనే. నేను అక్కడే అచ్చు మిషను తొక్కేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు వచ్చినా బడి మొహం చూడలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పాత పజిళ్ళు ముందేసి నా చేత అక్షరాలు దిద్దించేవాడు. తొందరపడితే, "జెర ఆగు బేటా. ఒక్క గడిల ఒక్కటే అక్షరం. అది సక్కగ కూసున్నంకనే పక్క గడి," అనేవాడు.

పక్క ఇరానీ హోటల్లో ఆ పజిల్ మీద రోజూ నవ్వులే. నవాబు రాజ్యంలో 'రాట్నం' జవాబుగా వస్తే చాచా కాంగ్రెసులో కలిశాడన్నారు. సైన్యం దిగి ఆ రాజ్యం పోయాక 'నవాబు' వచ్చింది. బట్టల కొట్టు యాదగిరి ఊరుకుంటాడా?

"ఏంది ఖాజా భాయ్, అందరు దిగిపోయిన్రంటుంటే నీ అడ్డం మూడుల ఇంకా నవాబే ఉన్నడు?"

చాచా చాయ్ సాసర్లో పోసుకుంటూ, "గడి ఖాళీగుండె, కూసోవెట్టిన," అన్నాడు.

ఆ నవ్వు నాకు తలకెక్కింది. కొత్తగా రాయడం వచ్చినవాడి పొగరు కూడా. నల్లగళ్ళన్నీ కలిపి చూస్తే నవాబు టోపీ కనిపిస్తోందని, ఇదంతా కుట్ర అని రాసి, 'ఒక దేశభక్తుడు' అని సంతకం పెట్టి, పత్రిక ఉత్తరాల పెట్టెలో వేశాను. అచ్చులో చూసి చాచా నవ్వుతాడనుకున్నాను. అచ్చయింది. నిజమని నమ్మిన నలుగురు ప్రెస్సు గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. మొన్నటిదాకా రూమీ టోపీ పెట్టుకుని నవాబుల దేవిడీల చుట్టూ తిరిగిన మా యజమాని, "నీ మీద నాకు శక్ లేదు ఖాజా. జనానికుంది అనుమానం," అన్నాడు. చాచా చేతులు కడుక్కుని, షేర్వాణీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. నేను మిషను తొక్కుతూనే ఉన్నాను.

ఆ రాత నాదేనని ఒప్పుకుని, ఆయన్ను మళ్ళీ పనిలో పెట్టుకోమని తర్వాత నా సొంత పేరుతో యజమానికి ఎన్ని ఉత్తరాలు రాశానో. ఒక్కదానికీ జవాబు లేదు. నిజం చెప్పాల్సింది యజమానికి కాదని తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. చాచా కాప్రాలో తమ్ముడింట్లో ఉంటున్నాడని విని, ఆయనకే అంతా రాశాను. గడికొక అక్షరం పెట్టినట్టు ఆగి ఆగి రాశాను. ఇప్పటికీ అలాగే రాస్తాను. వారం రోజులకు ఆయన పోస్టుకార్డు వచ్చింది.

"నర్సింగు బేటా, ఆ ఉత్తరం నీదని ఆ దినమే ఎరుక. నేను దిద్దిచ్చిన రాతనే గద. దాన్ని కంపోజ్ చేసింది సుత నేనే. నా బేటా రాసింది పేపర్ల పడ్తున్నదని ఖుషీ అయిన. ఒక్క అక్షరం తియ్యలే."