కాలిక్యులేటరుకూ తరుగుంటుంది

మా నాయనకు చింతామణిలో చింతపండు మండీ ఉండేది. కట్టిపెట్టిన మూట ఎండి ఎంత తూకం తగ్గుతుందో, ఆ తరుగు ఎంతో, మూట మీద చెయ్యి వేసి చెప్పేవాడు. అంత తెలిసిన మనిషి నా దగ్గరికి వచ్చేసరికి ఎట్లా తప్పాడో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభైల మొదట్లో నేను సివిల్ డిప్లొమాలో చేరాను. ఆడపిల్లకు ఆ చదువేమిటని చుట్టాలు మూతి తిప్పారు. నాయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు.

"ఒక్క సబ్జెక్టు పోయినా ఇంటికాడ కూర్చోవల్ల. మళ్ళా అడగకూడదు."

సర్వే లెక్కలకు కాలిక్యులేటరు కావాలని మా మేష్ట్రు చెబితే, నాయన బెంగళూరు పోయి తెచ్చాడు. తెచ్చాడే గాని నా చేతికివ్వలేదు. గుడ్డలో చుట్టి మండీలోని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"చివరి పరీక్ష దినం ఇస్తాను. అంతవరకూ లాగరిథం పట్టికలుండే ఆ లాగు పుస్తకంతో చేసుకో. ఆఫ్ చేసి పెట్టినాము గదా, యాడికి పోతాది?"

రెండేండ్లు అది పెట్టెలోనే ఉంది. ఆయుధపూజకు మాత్రం బయటికి తీసి, తక్కెడ పక్కన పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, ఒకసారి నొక్కి చూసేవాడు. రెండో పూజకు అంకెలు మసకగా వచ్చాయి. కుంకుమ అంటుకుందేమోనని పంచె చెంగుతో అద్దం తుడిచి, మళ్ళీ తాళం వేశాడు. పక్కనే నిలబడి నేనూ కుంకుమే అనుకున్నాను.

పరీక్షనాడు పొద్దున దాన్ని నా చేతిలో పెట్టి, లాగు పుస్తకం లాక్కున్నాడు. "రెండూ ఎందుకమ్మా, బరువు." హాల్లో మొదటి లెక్కకే నొక్కాను. ఏమీ రాలేదు. ఎన్నిసార్లు నొక్కినా రాలేదు. పక్కవాళ్ళది అడగకూడదన్నారు. కూడికలు, గుణకారాలు చేత్తో చేశాను సరే, సైన్లు కొసైన్లు ఎక్కడి నుంచి తెచ్చేది, నా తలకాయలో నుంచా? సగం కాగితం తెల్లగా ఇచ్చి వచ్చాను.

సర్వే పోయింది. చదువూ పోయింది. దానికంటే మండేది నాయన అన్న మాట.

"దొంగగా తీసి వాడినావు. లేకపోతే సెల్లు ఎట్లా అయిపోతాది?"

"నేను ముట్టలేదు నాయనా," అన్నాను. అమ్మ కూడా నమ్మలేదు.

పెండ్లయి బాగేపల్లికి పోయేటప్పుడు సామాన్లతో పాటు దాన్నీ కట్టించాడు, నీదే గదా అని. అక్కడ గడియారాలు బాగుచేసే ముసలాయనకు చూపించాను. ఆయన వెనక మూత విప్పి చూసి చెప్పాడు.

"ఆఫ్ చేస్తే పూర్తిగా ఆగదమ్మా ఇది. లోపల కొంచెం కొంచెం కరెంటు తాగతానే ఉంటాది. ఊరికే పెట్టినా సెల్లు అరిగిపోతాది."

నాకు ఏడుపు వచ్చింది. నేను దొంగను కానని చెప్పిన మొదటి మనిషి ఆయన.

ఆ వారమే బస్సెక్కి చింతామణికి పోయాను. నాయన మండీలో కొత్త మూటలకు తరుగు రాస్తున్నాడు. ముసలాయన చెప్పిందంతా చెప్పాను. రాయడం ఆపకుండానే విన్నాడు.

"అట్లయితే సెల్లు తీసి పెట్టమని ఆ పొద్దే నువ్వు చెప్పల్ల గదమ్మా. చదువుకున్నేది నువ్వు గదా."

పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడుతూనే ఉంది.