మూత కింద రబ్బరు ముక్క

ఆదోనిలో రేడియేటర్ బసప్ప అంటే ఎవరైనా దారి చూపిస్తారు. అతని షెడ్డుకు ఎదురుగానే నా స్పేర్ పార్ట్స్ కొట్టు. పదిహేనేళ్ళుగా పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకుందనే అనుకుంటాను.

వాళ్ళది ఎమ్మిగనూరు నేత కుటుంబం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవలసినవాడు ఆదోని వచ్చి రేడియేటర్ల పని నేర్చాడు. వంగిన రేకులను వేలితో ఒక్కొక్కటే సరిచేస్తుంటే పడుగు దారాలు సర్దుతున్నట్టే ఉంటుంది. మాట తక్కువ, పని గట్టిది. నేనెంత వేళాకోళం చేసినా ఓ నవ్వు నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు పోయి నాలుగేళ్ళయింది.

తమ్ముడు చిన్నప్పకు కారు పందాల పిచ్చి. పాత ఎస్టీమ్ కారు ఒకటి కొని, లోపలి సీట్లు, హీటరు, తలుపుల అట్టలు అన్నీ పీకేసి బరువు తగ్గించాడు. బళ్ళారి అవతల తనలాంటి పిచ్చోళ్ళు చందాలేసుకుని చేసుకున్న మట్టి ట్రాకు మీద దాన్ని తోలేవాడు. నాలుగేళ్ళ కిందట ఏప్రిల్ పందెంలో ఇంజను మరిగి, వేడినీళ్ళ గొట్టం పగిలి, ఆవిరి లోపలికి కొట్టింది. ఒళ్ళు కాలి మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటినా చూసుకోలేదని అందరూ అన్నారు. ఆ మాట మొదట అన్నది బసప్పే.

అప్పటి నుంచి బసప్ప ఇంట్లో కుక్కర్ లేదు. విజిల్ వినబడితే కంచం ముందు నుంచి లేచి వీధిలోకి వెళ్ళిపోతున్నాడని అతని భార్య ఈరమ్మ దాన్ని ఎవరికో ఇచ్చేసి గిన్నెలో వండటం మొదలుపెట్టింది. టీ కొట్టులో పాలు పొంగి చుయ్యిమంటే చాలు, చేతిలో పనిముట్టు జారవిడిచేవాడు. తమ్ముడి మీద బెంగ అనుకున్నాను. నాకు తెలివి కొంచెం ఆలస్యంగా వస్తుంది.

ఈ వేసవికి ముందు చిన్నప్ప భార్య హేమలత ఆ కారును పవమాన్‌కు అమ్మింది. మంత్రాలయం అయ్యవార్ల కుటుంబంలో పుట్టి, ఆదోని కాలేజీలో లెక్కలు చెప్పుకునే అతనికీ అదే పిచ్చి. కారు రెండు చుట్లకే మరుగుతోందని, బెంగళూరు నుంచి అల్యూమినియం రేడియేటర్ తెప్పించే స్తోమత లేదని, తక్కువలో ఏదైనా చెయ్యమని బసప్ప దగ్గరికి తెచ్చాడు. బసప్ప చెయ్యనన్నాడు. మర్నాడూ చెయ్యనన్నాడు. సరే, ఇంకో మెకానిక్‌ను చూసుకుంటానని పవమాన్ కారెక్కబోతే మాత్రం గబుక్కున లేచి, తాళం ఇచ్చి పొమ్మన్నాడు.

పవమాన్ వెళ్ళాక నేను రోడ్డు దాటి షెడ్డులోకి వెళ్ళాను. బసప్ప రేడియేటర్ మూత తిప్పి తీశాడు. దాని లోపలి వైపు, గుండ్రంగా కత్తిరించిన టైరు ట్యూబు రబ్బరు ముక్క అంటుకుని ఉంది. మా వైపు ఇదో పాత అలవాటు. మూత వదులై నీళ్ళు కారుతుంటే కింద ట్యూబు ముక్క పెట్టి బిగించేస్తారు. కారడం ఆగుతుంది. కానీ ఒత్తిడి పెరిగినప్పుడు ఆవిరిని వదలవలసిన మూత ఇక వదలదు, బలహీనంగా ఉన్న గొట్టం పగులుతుంది. ఊళ్ళో తిరిగే జీపుకైతే ఎలాగో చెల్లిపోతుంది. పందెం కారుకు చెల్లదు.

అతను స్క్రూడ్రైవర్‌తో ఆ ముక్కను ఒలిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవరు పెట్టారని నేను అడగలేదు. ఆనాటి పందేనికి ముందురోజు అతను కొత్త మూత కోసం నా కొట్టుకే వచ్చాడు. నా దగ్గర స్టాకు లేదు. అది గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

పది రోజులు ఆ కారు తప్ప వేరే పని ముట్టలేదు. బోరునీళ్ళ సున్నం పట్టిన రేడియేటర్‌ను విప్పి, గొట్టం గొట్టంలో సన్నని కడ్డీ దింపి గీకాడు. తుక్కు కొట్టులో వెతికి పెద్ద కారు ఫ్యాను తెచ్చి బిగించాడు. రేడియేటర్ చుట్టూ సందులన్నీ రేకుతో మూసి, వచ్చే గాలంతా దాని గుండానే పోయేట్టు చేశాడు. బోరునీళ్ళకు బదులు కూలెంటు పోశాడు. కొత్త మూత నేనిచ్చాను. చివరికి మిగిలింది హీటరు గొట్టాలు పోయే కన్నం. హీటరు పీకినప్పటి నుంచి డ్రైవరు కాళ్ళ దగ్గర అది తెరిచే ఉంది. ఆనాడు ఆవిరి వచ్చింది అందులోంచే. దాన్ని దళసరి రేకుతో మూసి, మూసినచోట అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున పత్తి మిల్లు వెనక బయల్లో కారును తోలి చూశాం. బండి కాగితాలు ఇవ్వడానికి హేమలత ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. పవమాన్ ఇరవై చుట్లు కొట్టినా ముల్లు సగం దాటలేదు. అతను దిగి బసప్ప చేతులు పట్టుకున్నాడు. హేమలత కాగితాలు అందిస్తూ పవమాన్‌కు ఓ జాగ్రత్త చెప్పింది.

"ముల్లు మీద కన్ను పెట్టి తోలప్పా. మా ఆయన అదొక్కటే సూసుకోలేదు. మా పాపకు గూడా అదే సెప్పినా."

బసప్ప జేబులోంచి ఆ రబ్బరు ముక్క తీసి ఆమె ముందు చెయ్యి చాపాడు.

"వాడు ముల్లు సూసినాడు హేమమ్మా. సెయ్యి బయటికి పెట్టి బండి పక్కకు తీస్తా ఉండె. ట్రాకు గట్టు మీద నుంచి నేనొక్కన్నే సూస్తిని. మూత కింద ఇది పెట్టింది నేనే."

ఆమె ఆ ముక్కను అతని చేతిలోంచి తీసుకుని తిప్పి చూసింది. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

"నాకు సెప్తే సాలదు బావా. రక్షితకు సెప్పు" అంది.

రక్షిత చిన్నప్ప కూతురు, తొమ్మిదేళ్ళది. తండ్రి ఎట్లా పోయాడని బడిలో ఎవరడిగినా, ముల్లు చూసుకోలేదని తలొంచుకుని చెప్పేదట. ఆ సాయంత్రమే బసప్పను నా బండి మీద ఎమ్మిగనూరు తీసుకెళ్ళాను. అతను ఆ పిల్ల ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. నాయన ఏ చెయ్యి బయట పెట్టాడని అడిగింది. కుడి చెయ్యి అన్నాడు.

"మళ్ళా సెప్పు పెదనాయనా."

మళ్ళీ చెప్పాడు.

ఇప్పుడు ఆదివారం వస్తే బసప్ప షెడ్డు మూసి ఎమ్మిగనూరు బస్సెక్కుతాడు. ఆ పిల్ల ప్రతిసారీ మొదటి నుంచి చెప్పమంటుంది, అతను చెబుతాడు. ట్యూబు ముక్క దగ్గరకొచ్చేసరికి అతను ఆగిపోతాడు. అప్పుడు ఆ మాట ఆ పిల్లే అందిస్తుంది.