బోణీ చేయి

ఉయ్యూరు దాటాక బందరు రోడ్డు పక్కన ఒక బంకు ఉంది. తెల్లవారుజామున అక్కడ ఆయిల్ కొట్టేది రావమ్మ. ఆమె చేతి బోణీ కలిసొస్తుందని డ్రైవర్ల నమ్మకం. ఆమె వచ్చేదాకా ఇంజన్లు ఆపుకుని కూర్చునేవారు.

ఆ రోజు బోణీ నీలం మినీ లారీది. ట్యాంకు ఎండిపోయి వచ్చింది. నంబరు ప్లేటు నిండా బురద. ఆమె ఐదు లీటర్లు పోసింది.

కాసేపటికి అదే బండి ఆమె భర్త బసవయ్యను గుద్ది ఆగకుండా పోయింది. అతను సైకిలు మీద ఆమెకు అన్నం తెస్తున్నాడు.

ఎస్సై సింధూరి బంకుకు వచ్చింది.

"ఎంత పోశావమ్మా?"

"ఐదు లీటర్లండి. బోణీ కదా, మర్చిపోను. అంతకుముందు ట్యాంకులో చుక్క లేదు."

"లోడు బండి. లీటరుకు పది వేసుకుందాం. యాభై కిలోమీటర్లు." ఎస్సై ఫోనులో మ్యాపు తెరిచి వేలితో చుట్టూ గీసింది. అటు బందరు, ఇటు భవానీపురం, పైన గన్నవరం. "ఈ గీత లోపల ఏ బంకు కెమెరాలోనూ మళ్లీ కనబడలేదు. ముందు అద్దం పగిలి రోడ్డు మీద పడింది కాబట్టి షెడ్డుకీ తీసుకెళ్లలేడు. ఎక్కడో దాచాడు."

"కదలాలంటే ఆయిల్ కావాలి గదండీ."

"కావాలి."

"నా దగ్గరికే వస్తాడండి. ఆ రోజు నేను వచ్చేదాకా కాచుకున్నాడు, బోణీ పిచ్చోడు. భయంలో ఉన్నోడికి ఆ పిచ్చి ఇంకా ఎక్కువ."

పెద్దకర్మ నాడు రావమ్మ బొట్టు తీయనంది. చుట్టాలు లేచి వెళ్లిపోయారు. అత్త అమలమ్మ గుమ్మంలో నిలబడి అరిచింది.

"నా కొడుకు పోయాక ఎవరికోసమే ఈ సోకు?"

"చంపినోడి కోసం అత్తా. బొట్టు లేకపోతే వాడు నా చేత బోణీ చేయించుకోడు."

అమలమ్మ లోపలికి వెళ్లింది. మర్నాడు చీకటితోనే కుంకుమ భరిణె తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"పెద్దగా పెట్టుకో. దూరానికి కనబడాలి."

విషయం తెలిసిన డ్రైవర్లు ఆ బంకు మానేశారు. రావమ్మ రోజూ పైపు పట్టుకుని రోడ్డు వైపు చూసేది. కాపలా పెట్టిన కానిస్టేబుల్ కొన్నాళ్లకు రావడం మానేశాడు. ఆమె మానలేదు.

ఒక మంచు పొద్దున ఒకడు మోటారు సైకిలు మీద ప్లాస్టిక్ క్యానుతో వచ్చాడు. ముందు ఆమె నుదురు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ రోజటి మొహమే.

"బోణీ అయిందా అమ్మా?"

"మీకోసమే ఆపానండి. బండేదీ?"

"రొయ్యల చెరువు గట్టు మీద ఆగిపోయింది. టైం బాగాలేదు. నీ చేతిది పడితే కదులుద్ది."

"ఆగండి, మెషిను ఆన్ చేసొస్తా."

లోపలికి వెళ్లి ఎస్సైకి ఫోన్ చేసింది. బయటికొచ్చి నెమ్మదిగా పోసింది. ఐదు లీటర్లే. మూత బిగించింది, మళ్లీ విప్పి చూసి బిగించింది. అతను విసుక్కునే లోపు జీపు అడ్డంగా వచ్చి ఆగింది.

రావమ్మ క్యాను అతని చేతికిచ్చింది. ఆయిల్ గుడ్డ తీసుకుని, అతని కళ్లలోకి చూస్తూ, నుదుటి మీది బొట్టు తుడిచేసుకుంది.

"ఆ సైకిలాయన మా ఆయనరా" అంది.