మైనం మీద నిలవని బొట్టు

మా అత్తగారు పోయారు. వినాయక చవితి వెళ్ళిన వారానికి, పొద్దున్నే టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కొంచెం నడుం వాలుస్తానని పడుకుని, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, చోడవరంలో ఇంకో కథ తిరుగుతోంది. కారు కడుగుతూ వీధిలోనే పడిపోయిందట. ఆ వయసులో ఆ కారు పిచ్చే ఆవిణ్ని తినేసిందట. పరామర్శకి వచ్చినవాళ్ళలో సగం మంది నా చెయ్యి పట్టుకుని ముందు అడిగిన మాట, "కడుగుతన్నప్పుడే పోయేరటేటి?" అని. కాదు. ఆవిడ మంచం మీద పోయారు. కారు కడిగింది అంతకు రెండు రోజుల ముందు, ఆదివారం. నోటిమాట నమ్మనివాళ్ళు అచ్చులో ఉంటే నమ్ముతారేమోనని ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడ నర్సు. రావికమతం, దేవరాపల్లి వైపు పల్లెల్లో ముప్పై ఏళ్ళు తిరిగారు. సగం నడక, సగం ఆటోలో డ్రైవరు పక్కన సీటు అంచు మీద. మా మామగారు పోయేనాటికి ఆవిడకి నలభై ఏళ్ళు కూడా నిండలేదు. కర్మలయ్యాక ఏడాది పాటు మూల కూర్చోమన్నారు పెద్దలు. ఆవిడ పదమూడో రోజున డ్యూటీకి వెళ్ళిపోయారు. ఏదో ఊళ్ళో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చిందట. "కడుపులో పిల్ల నా మూల తీరేదాకా ఆగుతాదేటి?" అన్నారట. నేను కోడలిగా రాకముందు సంగతి ఇది. మా ఆయన చెబుతుంటారు, కొంచెం గర్వంగా, కొంచెం విసుగ్గా.

రిటైరయ్యాక ఆవిడ చేసిన మొదటి పని డ్రైవింగు నేర్చుకోవడం. రెండో పని ఒక చిన్న పాత కారు కొనడం, ముదురు నీలం రంగుది. మూడో పని మాకు తలవంపులు తేవడం అని అప్పట్లో నేను అనుకునేదాన్ని. కొన్న తర్వాత వచ్చిన మొదటి ఆదివారమే, చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, రెండు బకెట్లతో వీధిలోకి దిగారు.

నేను ఇక్కడే కాలేజీలో పాఠాలు చెబుతాను. మా వీధిలోంచే నా విద్యార్థులు ట్యూషన్లకి వెళ్తారు. కిటికీ తెర పక్కకి జరిపి చూస్తే అత్తగారు టైర్ల దగ్గర గొంతుక్కూర్చుని ఉండేవారు, మోచేతుల దాకా నురగ. ఒకరోజు మా కాలేజీలో పనిచేసే ఒకాయన ఇంటికొచ్చి, ఆవిణ్ని చూసి, "మేడమ్ గారున్నారా అమ్మా? మా ఇంటికీ వస్తావేటి, కారు కడగడానికి?" అని అడిగాడు. ఆవిడ చెయ్యి ఆపకుండానే, "మేడమ్ గారు లోపలున్నారు బాబూ. నాకు ఒకటే కారు. మరి కుదరదు" అన్నారు. ఆయన తర్వాత ఎన్నిసార్లు క్షమాపణ చెప్పుకున్నాడో. నాకు మాత్రం సిగ్గుతో ప్రాణం చచ్చినట్టయింది. ఆ సాయంత్రమే చెప్పాను, అనకాపల్లి రోడ్డులో నీళ్ళ సర్వీసింగు షాపు ఉంది, నెలకి రెండుసార్లు అక్కడ కడిగించేద్దాం అత్తయ్యా అని.

"నా పళ్ళు నేనే తోముకుంటన్నాను కదమ్మా. దానికీ ఓ మనిషిని పెడతావేటి?" అన్నారు.

ఆవిడ కడిగే పద్ధతి చూస్తే ఆసుపత్రి గుర్తుకొచ్చేది. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, ఇంకో దాంట్లో మంచినీళ్ళు. షాంపూ నీళ్ళలోంచి తీసిన గుడ్డ కారు మీద నడిచాక, మంచినీళ్ళలో జాడించి పిండితే తప్ప మళ్ళీ షాంపూలో ముంచేవారు కాదు. ముందు పైకప్పు, తర్వాత అద్దాలు, బానెట్టు, తలుపులు. అన్నిటికంటే ఆఖర్న చక్రాలు. చక్రాల గుడ్డ వేరు. అది దండెం మీద కూడా వేరేగా ఆరేది. పొరపాటున ఆ గుడ్డతో అద్దం తుడిచామా, పుండు కడిగిన చేత్తో అన్నం వడ్డించినట్టు చూసేవారు.

మా వైపు చెరుకు రోజుల్లో గాలికి మసి వస్తుంది. పొలాల్లో బెల్లం పొయ్యిల కింద చెరుకుపిప్పి మండినన్నాళ్ళూ అది ఊరి మీద రాలుతూనే ఉంటుంది, ఆరేసిన బట్టల మీద, అప్పడాల మీద, కార్ల మీద. ఒకసారి ఆవిడ ఊళ్ళో లేనప్పుడు మంచి కోడలిననిపించుకుందామని నేను పొడిగుడ్డ తీసుకుని ఆ మసంతా శుభ్రంగా తుడిచేశాను. చూడ్డానికి బాగానే ఉంది. ఆవిడ వచ్చి, ఎండలో తల వంచి పక్కనుంచి చూసి, నా చూపుడు వేలు పట్టుకుని బానెట్టు మీద పెట్టారు. సన్నటి గీతలు. ఒకటా రెండా, సాలెగూడులా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"మసిని తుడవకూడదమ్మా. నీళ్ళోసి తేల్చాల. తేలిపోయాక గుడ్డెట్టాల. ఎండిన మసి ఇసక్కాయితంలా గీరేస్తాది," అన్నారు. తిట్టలేదు. ఆ గీతల్ని పోగొట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది ఆవిడకి. మనుషుల విషయంలోనూ ఆవిడ అంతే. కోపంగా ఉన్నవాళ్ళని వెంటనే కదిపేవారు కాదు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేవారు.

నెలకొకసారి మైనం. మెరుగు పెట్టే మైనం చిన్న డబ్బాలో దొరుకుతుంది. దాన్ని వేలి చివరంత తీసి, తడి స్పాంజి మీద పెట్టి, చిన్న చిన్న గుండ్రాలుగా రాసుకుంటూ పోయేవారు. నీడలోనే రాయాలి. ఎండలో రాస్తే అట్టకట్టి ఊడిరాదు. రాశాక కాసేపు ఆగితే అది మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. అప్పుడు మెత్తటి నూలుగుడ్డతో తీసేయాలి. ఆ గుడ్డలు మా మామగారి పాత పంచెలు. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన పంచెల్ని నాలుగేసి ముక్కలు చేసి దాచుకున్నారు. పోయిన మనిషి బట్టతో బండి తుడుస్తావా అని ఎవరో అంటే, "ఆయనకీ నాతో కారెక్కాలని ఉండేది. ఇలాగైనా రానీయండి" అన్నారు.

"తక్కువ రాయాల, ఎక్కువ తుడవాల" అనేది ఆవిడ సూత్రం. దట్టంగా పూస్తే మెరుపు రాదు, జిడ్డు మిగులుతుంది. అంతా అయ్యాక చెంబుతో నీళ్ళు చిలకరించి చూసుకునేవారు. తామరాకు మీద నీళ్ళలా బొట్లు బొట్లుగా జారిపోతే ఆవిడ మొహంలో ఒక నవ్వు వచ్చేది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడకి సొంతమైనది అంటూ ఏదీ లేదు. క్వార్టర్సు గవర్నమెంటుది, ఇల్లు మామగారిది, ఆఖరికి చేతిగడియారం కూడా మా ఆయన కొనిచ్చిందే. కారొక్కటే ఆవిడది.

ఇక దసరా సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను నిజానికి.

కారు కొన్న ఏడాది దసరాకి మాడుగుల నుంచి పెద్దత్త వచ్చింది. మామగారి అక్కగారు. మా ఇంట్లో ఏ శుభానికైనా ఏది ముందు, ఏది వెనక చెప్పేది ఆవిడే. పొద్దున్న నాలుగు గంటలపాటు అత్తగారు కారు కడిగి, ఆరబెట్టి, మైనం రాసి, తుడిచి సిద్ధం చేశారు. నీలం రంగులో మా ఇంటి ముందు కరెంటు స్తంభం తీగలతో సహా కనబడుతోంది. పూజ పళ్ళెం బయటికి రాగానే పెద్దత్త, "నువ్వు లోపలికెళ్ళమ్మా. బొట్టు కోడలెడతాది. బండికి మంచిది," అంది. నెమ్మదిగానే అంది. చెడ్డ మనిషి కాదు. తను పుట్టినప్పటి నుంచి విన్నది అంది.

అత్తగారు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళారు. నేను చూశాను. చూసి కూడా కుంకుమ భరిణె తీసుకుని ముందుకు వెళ్ళాను. నన్నెవరూ తొయ్యలేదు. నా అంతట నేనే వెళ్ళాను. ఈ మాట రాయకపోతే మిగతాదంతా రాసి దండగ.

పసుపు తడిపి బానెట్టు మీద అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. జారింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారి, కారు ముక్కు మీదుగా నంబరు ప్లేటు దాకా ఎర్రగా కారింది. మూడోసారీ అంతే. పెద్దత్త బుగ్గ నొక్కుకుంది. "సూసేవా, బొట్టు నిలవట్లేదు. ఏటో కీడుంది. ఈ బండి వద్దు," అంది. మా ఆయన మొహం పాలిపోయింది. అంత చదువుకున్నదాన్ని, నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను.

గుమ్మంలోంచి నవ్వు వినబడింది. అత్తగారు బయటికొచ్చారు.

"కీడూ లేదు, పాడూ లేదు వదినా. మైనం బాగా పట్టింది. నీళ్ళే నిలవవు దాని మీద, బొట్టేటి నిలుస్తాది?" అన్నారు. సబ్బు గుడ్డ తీసుకుని, బానెట్టు మధ్యలో పావలా బిళ్ళంత మేర రుద్ది, మైనం వదలగొట్టి, పొడిగా తుడిచారు. నా చేతిలో భరిణె తీసుకున్నారు.

"నువ్వెట్టకూడదమ్మా," అంది పెద్దత్త.

"ఎందుకు కూడదు? పుట్టిన పిల్లని మొట్టమొదట ముట్టుకున్న చెయ్యి వదినా ఇది. ఎన్ని పురుళ్ళు పోసేనో నాకే గుర్తులేదు. అప్పుడు నీకు మొగుడున్నాడా అని ఎవరూ అడగలేదు. ఇనప డబ్బాకి బొట్టెట్టడానికి అడుగుతారేటి?" అన్నారు అత్తగారు. గొంతు పెంచలేదు. కుంకుమ పెట్టారు. నిలిచింది. తర్వాత కారెక్కి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, వీధి చివరిదాకా వెళ్ళి వచ్చారు.

ఆవిడ తిరిగొచ్చేసరికి పెద్దత్త సంచీ సర్దుకుంది. తెచ్చిన హల్వా పొట్లం గుమ్మం మీద పెట్టి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్టాండుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు మా గడప తొక్కలేదు. కొంచెం సర్దుకుపోయి ఉండాల్సింది అత్తయ్యా అన్నాను నేను ఆ మధ్యాహ్నం. ఆవిడ హల్వా తింటూ నా వైపు చూసి, "సర్దుకునేది మంచం మీద దుప్పటమ్మా, మనిషి కాదు. నువ్వూ తిను, బాగుంది" అన్నారు.

ఆ తర్వాత ప్రతి దసరాకీ బొట్టు ఆవిడే పెట్టారు. రెండేళ్ళ కిందట కళ్ళు మసకబారి, డాక్టరు కారు నడపొద్దన్నప్పుడు అమ్మేద్దామన్నారు మా ఆయన. "నడపొద్దన్నారు. కడగొద్దన్లేదు కదా," అన్నారు ఆవిడ. స్టూలు వేసుకుని కూర్చుని, వేళ్ళతో తడుముతూ కడిగేవారు. మసి ఎక్కడుందో మా కళ్ళ కంటే ఆవిడ వేళ్ళకే ముందు తెలిసేది.

పెద్దకర్మకి పెద్దత్త వచ్చింది. ఏడ్చింది కూడా, నిజంగానే ఏడ్చింది. భోజనాలయ్యాక అందరి ముందూ చెప్పింది. "ఏటిసూతకం. ఈ ఏడాది దసరా లేదు, ఏటీ లేదు. ఆ బండి అమ్మీండి. ప్రాణమంతా దాని మీదే ఎట్టుకుని పోయింది. ఇంట్లో ఉండకూడదు." మా ఆయన తలూపారు. అనకాపల్లిలో ఎవరో అడుగుతున్నారన్నారు.

"అమ్మం," అన్నాను నేను.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో పెద్దల ముందు నేను ఎదురు మాట్లాడడం అదే మొదలు. "నీకు నడపడం రాదు కదా," అన్నారు మా ఆయన. నేర్చుకుంటానన్నాను. ఆ కారు అమ్మేస్తే, ఆవిడ చెయ్యి పనికిరాదన్నవాళ్ళ మాటే ఆఖరి మాట అవుతుంది. కారు కడిగి కడిగి పోయిందన్న కథే మిగులుతుంది. అలా జరగనివ్వను. ఆవిణ్ని లోపలికి పంపిన రోజు నోరు విప్పనిదాన్ని, ఇప్పుడైనా విప్పాలి కదా.

దసరా నాడు మా ఇంట్లో పూజ లేదు. పొద్దున్నే చీర ఎత్తి కట్టుకుని వీధిలోకి దిగాను. నా విద్యార్థులు ఇద్దరు సైకిళ్ళ మీద వెళ్తూ, "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. నురగ చేతుల్తోనే గుడ్ మార్నింగ్ చెప్పాను.

పైకప్పు అయ్యి అద్దాల దగ్గరికొచ్చేసరికి ఎదురింటి గేటు చప్పుడైంది. ఎదురింటామె నాకంటే చిన్నది. భర్త పోయి రెండేళ్ళు. వీధిలో ఎవరైనా బయల్దేరుతుంటే, ఎదురు రాకూడదని ఎవరూ చెప్పకుండానే తనే తలుపు వేసుకుంటుంది. ఆ రోజు భర్త స్కూటరు నడిపించుకుంటూ బయటికి తెచ్చింది. దాని మీద రెండేళ్ళ దుమ్ము. నా కారు పక్కన స్టాండు వేసి, "అక్కా, ఆ నీళ్ళు కాసిని నేనూ వాడుకోనా?" అంది. ఒక గుడ్డ చేతికిచ్చాను.

మేం సగం పనిలో ఉండగా వీధి మొదట్లోంచి ఒక బైకు వచ్చింది. అప్పుడే పూజ చేయించుకొస్తోంది. హ్యాండిలుకి బంతిపూల దండ, ముందు గుండ్రంగా కుంకుమ. మా బకెట్లు దారికి అడ్డంగా ఉన్నాయి. బైకు మీదున్నతను హారన్ కొట్టాడు. ఎదురింటామె ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ గేటు వైపు ఒక అడుగు వేసింది. నేను కారు తలుపు కడుగుతూనే ఉన్నాను. అతను మళ్ళీ కొట్టాడు. ఆమె అక్కడే ఆగింది. చేతిలో గుడ్డ చూసుకుంది. వెనక్కి వచ్చి, గుడ్డ జాడించి గట్టిగా పిండి, స్కూటరు హెడ్‌లైటు తుడవడం మొదలుపెట్టింది.

అతను కాసేపు చూసి, బండి దిగి, గోడ వారగా మెల్లగా తోసుకుంటూ మా పక్కనుంచి వెళ్ళాడు. ఆమె తల ఎత్తలేదు, పక్కకీ జరగలేదు.